పిలిచినవారెవరు?

రాజోలు దిగువన కాలువగట్టు వెంబడి కొంతదూరం పోయి కొబ్బరితోటల్లోకి దిగితే ఒక చిన్న చర్చి ఉన్నది. ఊరిపేరు చెప్పను. చెబితే అక్కడి పిల్లలు నామీద కోపం తెచ్చుకుంటారు. నలుగురిలో పెట్టవలసినంత తప్పు వాళ్లేమీ చెయ్యలేదు.

చుట్టపుచూపుగా వెళ్లిన నేను ఆ ఆదివారం ఆరాధన అయినాక వెనుక బల్లమీదనే కూర్చుండిపోయాను. పెద్దలు భోజనాలకు ఇళ్లకు పోయారు. యవ్వనస్తుల కూడికకు పన్నెండుమంది మిగిలారు. ఇంజనీరింగు చదివేవాళ్లు నలుగురు, నర్సింగు చదివే అమ్మాయిలు ఇద్దరు, ఒక దర్జీ, ఒక కొబ్బరి వ్యాపారి కొడుకు. తక్కినవాళ్లు ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు. విషయమేమిటంటే, వాళ్లందరూ ఆఫ్రికా వెళ్లదలచుకున్నారు.

కెన్యాలో సముద్రపుటొడ్డున ఒక ఊళ్లో పాస్టరుగారొకరు ఫోనులో పరిచయమైనారట. ఏడాదిగా ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకుంటున్నారు. అక్కడికి రెండువారాలు వెళ్లి సేవచేసి రావాలని సంకల్పం. ఒక బడికి రంగులు వేయాలి, పిల్లలకు పాటలు నేర్పాలి, పెన్నులూ సబ్బులూ పంచాలి. లెక్కల్లో గట్టివాడొకడు కాగితం పట్టుకుని, విమానం టిక్కెట్లు, వీసాలు, టీకాలు, తిండి, ఇత్యాదులన్నీ కూడి తలకు లక్ష తేల్చాడు. పన్నెండుమందికి పన్నెండు లక్షలు. హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉన్న మనవాళ్లను అడిగితే పోగవుతాయన్నాడు. బ్యానరు నమూనా అప్పటికే తయారు. అందులో ఎవరి ఫొటో ఎక్కడ ఉండాలో కూడా నిర్ణయమైపోయింది.

అంతలో, చాపలు చుడుతున్న మామ్మ ఒకావిడ చేతిపని ఆపి, "వాళ్లు మిమ్మల్ని రమ్మన్నారా బాబూ?" అన్నది.

"ఆయ్, రమ్మన్నారు మామ్మా."

"ఏమని రమ్మన్నారు? గోడలకి రంగెయ్యడానికా?"

ఎవరూ మాట్లాడలేదు.

"ఆ ఊళ్లో రంగులేసేవాడు లేడా మరి? ఉంటే ఆడి కూలి మీరు పట్టుకుపోతారు గదా!"

పిల్లలు నవ్వేశారు గాని, కాగితం పట్టుకున్నవాడి ముఖం చిన్నబోయింది. తరవాత అరుగుమీద కూర్చుని మామ్మతో మాట్లాడాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమమీద విరుచుకుపడిన తుపానులో ఆవిడ ఇల్లు పోయింది. ఆ తుపానులో వెయ్యిమందికిపైగా చనిపోయారు. తరాలనుంచి అన్నంపెట్టిన కొబ్బరిచెట్లు మొదళ్లకంటా కూలిపోయాయి. "బియ్యం తెచ్చారండి, మంచినీళ్లు తెచ్చారండి, వాళ్లని ఇప్పటికీ తలుచుకుంటాం," అన్నది. "మా వీధికొచ్చిన పాతబట్టల మూటలో మాత్రం ఉన్నికోట్లున్నాయండి. ఈ ఊళ్లో ఉన్నికోటు నేనేం చేసుకోనండి? దూడకి కప్పాను. ఇచ్చినవాళ్లది మంచిమనసేనండి. మమ్మల్ని ఒక్కమాట అడిగుంటే చెప్పేవాళ్లం."

ఆ తరవాత ఆవిడ కువైట్ వెళ్లింది. ఒక అరబ్బుషేకు ఇంట్లో పదహారేళ్లు వంటచేసింది.

సేవ చేస్తామంటూ సముద్రం దాటి వచ్చినవాళ్లను ఈ గోదావరి పాయలు నిన్నా మొన్నా చూడలేదు. ఎక్సెటరులో దంతవైద్యం మానుకుని బాగ్దాదుకూ, అక్కడినుంచి ఇండియాకూ వచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్సు అనే ఆయన, మళ్లీ ఇంగ్లండు వెళ్లి మనుషులను కూడగట్టుకుని వచ్చాడు. డెవను జిల్లా బార్న్‌స్టేపులు నుంచి విలియం బౌడెను, జార్జి బీరు అనే ఇద్దరు భార్యలతో సహా 1836లో ఓడ దిగారు. ఒకరు రాతిపనివాడు, మరొకరు చెప్పులు కుట్టేవాడు. దొరతనం వెలగబెట్టడానికి వచ్చిన వాళ్లు కారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో కాపురాలు పెట్టారు. గోదావరి డెల్టా మిషను అని తరవాత పేరుపడిన పనికి అదే మొదలు. ఇప్పటికీ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠకు అవతలిగట్టు నరసాపురమే. ఆ రేవు దాటే ఆ పని ఇవతల కోనసీమలోకి పాకింది.

వాళ్లనెవరు పిలిచారు? న్యాయంగా చెప్పాలంటే ఎవరూ పిలవలేదు. మామ్మ ప్రశ్న వాళ్లకూ తగులుతుంది. అయితే ఒక తేడా ఉన్నది. వాళ్లు తిరిగివెళ్లే తేదీ నిర్ణయించుకుని రాలేదు. తెలుగు నేర్చారు. ఆ వానల్లో, ఆ దోమల్లో, ఆ జ్వరాల్లో ఇక్కడివాళ్లతోపాటే పడ్డారు. వాళ్ల తరవాత వాళ్ల కొడుకులూ ఆ పనిలోనే దిగారు. చేసిన తప్పులు ఊరివాళ్లు మొహానే చెప్పగలిగినంతకాలం వాళ్లు ఊళ్లో ఉన్నారన్నమాట. రెండువారాల మనిషికి తప్పు చెప్పేదెవరు? చెప్పేలోపల విమానమెక్కేస్తాడు.

పిలుపు అందుకుని వెళ్లిన కథ కూడా ఒకటి ఉన్నది. చిత్రమేమిటంటే, అది అచ్చంగా మన తెలుగువాళ్లదే, అయినా మనలో చాలామందికి తెలియదు.

1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నాటాలుకు కూలీలను తీసుకుపోయింది. నవంబరు 16న దర్బను చేరింది. అప్పటినుంచి 1911లో ఆ ఎగుమతి ఆగేదాకా మన కోస్తా జిల్లాలవాళ్లు ఒప్పందం కాగితాలమీద వేలిముద్రలు వేసి చెరుకుతోటలకూ తేయాకుతోటలకూ పోతూనే ఉన్నారు. వాళ్లలో నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు క్రైస్తవులు కొందరున్నారు. అక్కడి ఇంగ్లీషు చర్చిలో వాళ్లకు ఒక్కముక్క అర్థమయ్యేది కాదు. పెళ్లి చేయడానికీ, చనిపోయినవాళ్లను సాగనంపడానికీ తమ భాష తెలిసిన మనిషి లేడు. మాకొక తెలుగు బోధకుణ్ణి పంపండని స్వదేశానికి మొరపెట్టుకున్నారు.

ఇక్కడ తెలుగు బాప్టిస్టు సంఘాలవారికి తమ సొంత హోం మిషను సొసైటీ ఒకటి ఉండేది. అమెరికన్ మిషనరీ దొరలు ఉన్నారు గదా, వాళ్లే చూసుకుంటారని వీళ్లు ఊరుకోలేదు. నెల్లూరులో ఉపాధ్యాయుడుగా ఉన్న జాన్ రంగయ్యగారిని ఎంపికచేసి పంపారు. ఆయన భార్య కనకమ్మగారితో 1903 జూన్‌లో దర్బను చేరారు. తోటనుంచి తోటకు తిరిగి మనవాళ్లెక్కడున్నారో వెతుక్కున్నారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకుతోటల్లో తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపించారు. 1915లో అక్కడే కన్నుమూశారు. బీదదేశం నుంచి బయలుదేరిన సేవకుడు ఆయన, వెళ్లింది తనవంటి బీదవాళ్ల దగ్గరికే. వెనుక పెద్ద ధనమేమీ లేదు. ఉన్నదల్లా ఫలానా పనికి ఫలానా మనిషి కావాలన్న పిలుపు.

ఈ సంగతి నేను చెబితే కూడికలో ఉన్న ఒక అబ్బాయి, "మరి మేమూ పిలుపు తెప్పించుకుంటామండి," అన్నాడు. తెప్పించుకునేది పిలుపెట్లా అవుతుందో నాకు తెలియలేదు గాని, మర్యాదకు ఊరుకున్నాను.

నిజానికి కాగితాల చిక్కులు కూడా ఆ పిలుపు దగ్గరే మొదలవుతాయి. సేవ అంటే మనకు పుణ్యకార్యం. వీసా కచ్చేరీవారికి అది పని. జీతం లేదంటే వాళ్లు వినరు. జీతం లేకపోయినా ఒక ఉద్యోగం చెడగొట్టినట్టే గదా అంటారు. చూడబోతే మామ్మ అన్నమాటే! పర్యాటకుడుగా అనుమతి తీసుకుని వెళ్లి బడిలో పాఠాలు చెప్పడం, ప్రసంగాలు చేయడం చాలా దేశాల్లో నేరం. మన దేశపు పద్ధతీ అంతే. విదేశీయుడు పర్యాటక వీసామీద వచ్చి మతప్రచారం చేయకూడదు. దానికి మిషనరీ వీసా వేరే ఉన్నది. నర్సింగు అమ్మాయిలు సూదిమందులపెట్టె తీసుకుపోదామనుకున్నారు. అక్కడి నర్సుల కౌన్సిలులో పేరు లేకుండా సూది ముట్టుకోకూడదని తెలిసేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఖర్చు తక్కువ గదా, పోనీ నేపాలు వెళ్దామన్నది ఒకమ్మాయి. నిజమే, నేపాలుకు మనకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డుతో పోవచ్చు. అయితే గుమ్మం తీసి ఉన్నదని ఇంట్లో ఏమైనా చేయవచ్చునా? మతం మార్పించడం అక్కడ రాజ్యాంగమే నిషేధించింది. 2018 ఆగస్టులో అమలులోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్లదాకా జైలు. విదేశీయుడైతే శిక్ష అనుభవించినాక దేశంనుంచి పంపివేస్తారు. మనకు మామూలు పాటల కూడిక అనిపించేది అక్కడి పోలీసుకు మరోవిధంగా కనిపించవచ్చు. ఇరుక్కునేది మనం కాదు. మనం వచ్చేస్తాం. ఇంట్లో పెట్టుకుని అన్నంపెట్టిన నేపాలీ కుటుంబం ఇరుక్కుంటుంది. అరబ్బు ఎమిరేట్లలోనైతే అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం కూడా నేరమే. గల్ఫులోని మనవాళ్లకు చందా పుస్తకం పంపుదామనుకున్నవాడు ఆ మాట విని పుస్తకం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేపాలు మాట వచ్చింది గనుక మరొకటి. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపం తరవాత అక్కడి అనాథాశ్రమాలకు సేవకులు దండిగా వెళ్లారు. ఆ పిల్లలలో చాలామందికి తల్లో తండ్రో బ్రతికే ఉన్నారని తరవాత అందరికీ తెలిసింది. చదువు చెప్పిస్తామని కొండపల్లెలనుంచి పిల్లలను తెచ్చి, వచ్చేపోయే అతిథులకు చూపించి డబ్బుచేసుకునే వ్యాపారం కొన్నిచోట్ల నడిచింది. సేవకులు వెళ్లినకొద్దీ అనాథలు పెరిగారన్నమాట. చాకొలెట్టు పంచి, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో తీసుకున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. మన పిల్లవాణ్ణి ఎవరో పరదేశి వచ్చి, పేరైనా అడక్కుండా ఫొటో తీసుకుపోతే మనకెట్లా ఉంటుంది? కూడికలో ఈ ప్రశ్న వేస్తే జవాబు చెప్పిన పిల్ల ఒకతె ఉన్నది. హాస్టలులో చదువుకున్నది. "మమ్మల్ని అట్లా తీశారండి. వరసలో నిలబెట్టి పాట పాడించారు. ఆ ఫొటో ఎక్కడుందో ఇప్పటికీ తెలియదండి," అన్నది. ఇంకేమీ అనలేదు. పిల్లలకు పాటలు నేర్పే కార్యక్రమం మీద కాగితం పట్టుకున్నవాడు తనంతటతానే గీత గీశాడు.

కాగితాలలో మనవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది పేరు. 2017 నుంచి తపాలా కచ్చేరీలలో కూడా పాస్‌పోర్టు కేంద్రాలు వచ్చినాక తిరుగుడు తగ్గింది గాని, పేరు చిక్కు తగ్గలేదు. మన పల్లెల్లో చాలామందికి రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, చర్చిలో మరొకటి. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గరనుంచీ చెప్పుకురావాలి. అది ఇక్కడ పని కాదు, తెలియనివాళ్లూ లేరు. పాస్‌పోర్టులో లక్ష్మి, కెన్యా పాస్టరుగారి ఆహ్వానపత్రంలో సిస్టర్ గ్రేస్ అని ఉంటే, ఆ ఇద్దరూ ఒకతేనని వీసా అధికారికి ఎవరు సాక్ష్యం చెబుతారు? పైగా మనకు ఇంటిపేరు పొడి అక్షరమే అలవాటు. పాస్‌పోర్టువారు దాన్ని పూర్తిగా విప్పి రాయమంటారు. ఆహ్వానపత్రం, టిక్కెట్టు, టీకాకాగితం, అన్నిట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ప్రయాణం నాటికి గడువు ఆరునెలలైనా మిగిలి ఉండాలి. పన్నెండుమందిలో అసలు పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడికి గడువు దాటిపోయింది.

టీకా సంగతి నర్సింగు అమ్మాయిలే వివరించారు, బహు చక్కగా. కెన్యావంటి దేశాలకు వెళ్లేవాళ్లు పచ్చజ్వరం టీకా ప్రయాణానికి పదిరోజుల ముందే వేయించుకోవాలి. అన్ని ఆసుపత్రులలోనూ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే. ఒకసారి వేయించుకుంటే ఆ కాగితం జన్మంతా చెల్లుతుంది. 2016 జులై నుంచి ఆ నియమం వచ్చింది. కోడిగుడ్డు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. కాగితం లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరురోజులదాకా విడిగా ఉంచేస్తారు. ఇక మలేరియా. ఆ తీరంలో అది ఉన్నది. దోమలకు పుట్టినిల్లయిన కోనసీమవాళ్లం, మాకేమవుతుందనుకోవడం తెలివితక్కువ.

డబ్బు. పన్నెండు లక్షలలో ఆ ఊరికి చేరేది ఎంత అని అడిగాను. రంగులు, పెన్నులు, సబ్బులు కలిపి నలభైవేలన్నాడు కాగితం పట్టుకున్నవాడు. చెప్పి, తనే ఆగిపోయాడు. మిగిలినదంతా గాలిలో తిరిగి రావడానికే. పోనీ ఆ డబ్బు ఎవరిది? మామ్మవంటివాళ్లది. రాజోలు, అమలాపురం పల్లెలనుంచి గల్ఫుదేశాలకు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఇంటికి పంపగా మిగిలిన దీనారులలోంచి కానుక తీస్తారు. కువైట్‌లో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారం సెలవునాడు అనేక భాషల ఆరాధనలు జరుగుతాయి. ఒక భాషవాళ్లు బయటికి వస్తుంటే మరొక భాషవాళ్లు లోపలికి పోతారు. అందులో తెలుగూ ఒకటి. "శుక్రవారం సెలవిస్తే పండగేనండి. నెలకోసారి ఇచ్చేది మా యజమానురాలు," అన్నది మామ్మ. అట్లాంటివాళ్లు ఇచ్చే డబ్బు విమానం టిక్కెట్లకు పోతుందని వాళ్లకు చెప్పి అడగాలి గదా.

అట్లాగని పోనేవద్దని నేననను. డోర్నకల్‌కు 1912లో బిషపు అయిన వి. ఎస్. అజరయ్యగారు, అంతకు రెండేళ్లముందు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్యుల ఎదుటనే ఒక మాట అన్నారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, అందుకు కృతజ్ఞులమే. మాకు కావలసింది స్నేహితులు, వాళ్లను కూడా ఇవ్వండి అని దాని సారాంశం. ఆ రోజు సభలో చాలామందికి అది రుచించలేదంటారు. అప్పుడు మనం పుచ్చుకునేవాళ్ల బల్లమీద ఉన్నాం. ఇప్పుడు ఇచ్చేవాళ్ల బల్లమీద కూర్చోబోతున్నాం. పక్క మారినంతమాత్రాన ఆ మాట పాతబడుతుందా? ఏడాదిగా ఆ కెన్యా పాస్టరుగారితో సాగుతున్న పరిచయమే ఈ పిల్లల చేతిలో ఉన్న అసలైన సొమ్ము. పన్నెండుమంది బ్యానరు పట్టుకుని దిగితే అది చెడినా చెడవచ్చు.

ఆ సాయంత్రం అయ్యగారి సమక్షంలో ఒక ఉత్తరం రాశారు. మేము ఏమి చేయదలచామో అందులో రాయవద్దని మాత్రం నేను చెప్పాను. మీకు ఏమి కావాలి, ఎంతమంది కావాలి, ఎన్నాళ్లు, ఎవరూ రాకుండా ఉంటేనే సుఖమా? ఇవి నాలుగే అడగమన్నాను. నాలుగోది రాయడానికి చాలా పేచీ పెట్టారు. చివరకు దర్జీపనిచేసే అబ్బాయి రాశాడు.

మూడువారాలకు జవాబు వచ్చిందని ఫోను చేశారు. బడికి రంగులు కిందటేడే వేసుకున్నారట. వస్తామన్నవాళ్లను వద్దనలేక ఆ పాస్టరుగారు ఊరుకున్నారు. పన్నెండుమందికి పడకలు చూపించడం తమ శక్తికి మించిన పని అని కూడా, బహు మర్యాదగా, రాశారు. తరవాత అసలు సంగతి. వాళ్లదీ కొబ్బరితీరమే. కాయ ఒలిచినాక డొక్కలు పొయ్యిలో పెడుతున్నారు. మీ ఊళ్లో ఆ పీచుతో తాడు పేనుతారని మీరొకసారి ఫోనులో చూపించారు. మా సంఘంలో విధవరాండ్రు కొందరున్నారు. ఆ పని చేతితో నేర్పగల మనిషి ఒకరిద్దరు రెండునెలలు ఉండేటట్టు వస్తే మా ఇంట్లోనే పెట్టుకుంటాం అని రాశారు.

పిల్లలు ఎగిరి గంతువేశారు. తీరా చూస్తే పన్నెండుమందిలో తాడు పేనడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంజనీరింగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. కొబ్బరి వ్యాపారి కొడుక్కి టన్ను ధర చెప్పడం వచ్చు. తాడు రాదు.

మామ్మకు వచ్చు. కువైట్ వెళ్లకముందు ఆవిడ జీవనం అదే. ఇప్పుడు ఆదివారం కూడిక అయినాక చర్చి అరుగుమీద పీచు పోసుకుని కూర్చుంటున్నారట. దర్జీ అబ్బాయి చేతికి పని బాగా పట్టుబడిందనీ, నర్సింగు అమ్మాయి ఒకతె ఫరవాలేదనీ, లెక్కల కుర్రవాడి తాడు మాత్రం లాగితే తెగుతున్నదనీ అయ్యగారు చెప్పారు. చేతిపని నేర్పడానికి ఏ రకం అనుమతి కావాలో తమ దేశపు కచ్చేరీలో కనుక్కుని చెప్పమని పాస్టరుగారికి మళ్లీ రాశారు. జవాబు ఇంకా రాలేదు.

స్వాహిలీ భాషలో అరబ్బుమాటలు చాలా ఉన్నాయి, పుస్తకాన్ని వాళ్లు కూడా కితాబు అనే అంటారు అని మామ్మకు చెబితే, "అయితే నాకు సగం వచ్చేసినట్టేనండి," అన్నదట. ఆవిడ పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్ల గడువున్నది.